మాల తీసిన మర్నాడు: తాగుడు మానినవాళ్ల సమావేశాల్లో అసలేం జరుగుతుంది?

కార్తీకం వచ్చిందంటే శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ నుంచి విజయనగరం మూడు లాంతర్ల దాకా నల్లబట్టలు కనిపిస్తాయి. ఆ బట్టల్లో కొందరిని చూసి వీధి ముక్కున వేలేసుకుంటుంది. ఏడాదంతా పొద్దుగూకితే నిలబడలేని మనిషి తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి పీఠం ముందు శరణుఘోష చెబుతుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. ఇంట్లో ఆడవాళ్లకు కంటినిండా నిద్ర పడుతుంది. తర్వాత శబరిమల వెళ్లొచ్చి మాల తీస్తాడు. చాలా ఇళ్లలో ఆ వారం తిరక్కుండానే కథ మొదటికొస్తుంది.

"మండలం రోజులు ఆగగలిగినోడికి మానడం ఏటి కష్టం? ఆడికి మానాలని లేదు, అంతే" అని అరుగు మీద తీర్పు. ఈ తీర్పు సగమే నిజం. తాగుడు ఆపడం ఒక పని, ఆపి ఉండడం ఇంకో పని. మొదటి దానికి మన దగ్గర దారులు చాలానే ఉన్నాయి: దీక్ష, గుడిలో ఒట్టు, పసరు మందు, బిడ్డ తల మీద చెయ్యి. రెండో దానికే ఏమీ లేదు. ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) సమావేశాలు, సపోర్ట్ గ్రూపులు అని ఈమధ్య వినబడుతున్నవి ఆ రెండో పని కోసం పుట్టినవి. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 ప్రైవేటు మద్యం షాపులు, 99 రూపాయల క్వార్టరు వచ్చాక ఈ మాట ఇళ్లలో ఎక్కువగా వినబడుతోంది. మాటతో పాటు గందరగోళమూ పెరిగింది.

ఒకే పేరు కింద నాలుగు పనులు

డీ-అడిక్షన్ అనే మాటను మనం అన్నిటికీ వాడేస్తాం. ఆసుపత్రిలో ఐదారు రోజులు సెలైను పెట్టినా అదే మాట, ఊరవతల గేటు వేసిన సెంటర్లో మూడు నెలలు ఉంచినా అదే మాట, వారానికోసారి పదిమంది కుర్చీలు వేసుక్కూర్చున్నా అదే. అందుకే "డీ-అడిక్షన్ చేయించాం, డబ్బు పోయింది, ఫలితం లేదు" అని ఎవరైనా అన్నప్పుడు, చేయించింది వీటిలో ఏదో అడిగితే తప్ప సంగతి తేలదు.

డీటాక్స్ అంటే ఒంట్లోంచి మద్యం దిగిపోయేటప్పుడు వచ్చే వణుకునీ ప్రమాదాన్నీ మందులతో దాటించడం. పూర్తిగా వైద్యుడి పని, రోజుల్లో ముగుస్తుంది. రీహాబ్ అంటే మనిషిని తాగే వాతావరణానికి వారాలో నెలలో దూరంగా ఉంచడం. సైకియాట్రిస్టు దగ్గర ఇంటి నుంచే తీసుకునే వైద్యం మూడోది. నాల్ట్రెక్సోన్, అకాంప్రొసేట్ లాంటి మాత్రలు, కౌన్సెలింగు ఇందులోకి వస్తాయి. నాలుగోది ఈ వ్యాసం సంగతి: సహాయ బృందం. అక్కడ డాక్టరుండడు, మంచముండదు, బిల్లుండదు. తాగుడు మానినవాళ్లు, మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకుంటారు. వీటిలో పాతదీ పెద్దదీ ఆల్కహాలిక్స్ అనానిమస్. అందరూ ఏఏ అంటారు.

ఈ నాలుగింటిలో ఏదో ఒకటి అందినవాళ్లు కూడా తక్కువే. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 5.7 కోట్లమందికి మద్యం హానికరంగానో వ్యసనంగానో మారింది. అలాంటివాళ్లు పది శాతం మించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వ్యసనం స్థాయికి చేరిన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని అదే సర్వే చెప్పింది. ఒక పెద్ద పంచాయతీలో అలాంటివాళ్లు 38 మంది ఉన్నారనుకోండి. 37 మందికి ఏ వైద్యమూ అందలేదన్నమాట.

"రోజుకి క్వార్టరే కదా"

ఈ మాట ప్రతి ఇంట్లో వినబడుతుంది కాబట్టి లెక్క కట్టి చూద్దాం. క్వార్టరు అంటే 180 మిల్లీలీటర్లు. విస్కీ, బ్రాందీల్లో మద్యసారం సాధారణంగా 42.8 శాతం. అంటే సీసాలో 77 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాలు, తూకంలో సుమారు 61 గ్రాములు. ఒక్క కూర్చోవడంలో 60 గ్రాములో అంతకు మించో పడితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని అతిగా తాగడం కింద లెక్కిస్తుంది. "క్వార్టరే" అన్నది సరిగ్గా ఆ గీత మీదుంది. డబ్బు లెక్కలో చూస్తే 99 రూపాయల సీసా రోజుకొకటి చొప్పున ఏడాదికి 36,135 రూపాయలు. పక్కన తినే చేపముక్క ఇందులో కలపలేదు.

అయితే వ్యసనాన్ని సీసాల లెక్కతో తేల్చరు. తెల్లారి చెయ్యి వణుకుతూ, ఒక్క పెగ్గు పడితేగాని కుదుటపడకపోవడం, మొదలెట్టాక ఆపలేకపోవడం, అదే కిక్కుకి ఏడాదికేడాది ఇంకాస్త ఎక్కువ తాగవలసిరావడం. డాక్టర్లు చూసేవి ఇవి.

ఆ తెల్లారి వణుకు ఉన్న మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ఏమవుతుందో మన వైపు తెలిసినవాళ్లు తక్కువ. కొన్ని గంటల్లో చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం. మొదటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి చలించినట్టవుతుంది. గోడ మీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎదురుగా లేని మనిషితో మాట్లాడతారు. ఊళ్లో దీన్ని గాలి సోకిందని భూతవైద్యుడి దగ్గరకు తీసుకెళ్తారు. మాల వేసుకున్న మూడో రోజున అయితే నియమం తప్పాడు గనకే ఇలా అయిందంటారు. దీనికి డెలీరియం ట్రెమెన్స్ అని పేరుంది. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు, అందితే ఎక్కువమంది దాటేస్తారు. మెదడుని కుదుటపరిచే మందులు, బి1 విటమిను ఇందులో ముఖ్యం.

కాబట్టి ఇలాంటి మనిషి మొదటి మజిలీ సమావేశం కాదు. శ్రీకాకుళంలో అందరూ రిమ్స్ అనే ప్రభుత్వ బోధనాసుపత్రి, విజయనగరం సర్వజన ఆసుపత్రి, విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఈ పనికి దగ్గరివి. ఎక్కడికెళ్లాలో తేలకపోతే టెలీ మానస్ 14416, మత్తు విముక్తి సహాయవాణి 14446 ఉన్నాయి. రెండూ ఉచితమే.

ఆ గదిలో ఏం జరుగుతుంది

ఏఏ పుట్టిన తీరు చూస్తే ఆ గది సగం అర్థమవుతుంది. 1935లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి అమెరికాలోని ఆక్రన్ అనే ఊరికి పనిమీద వెళ్లాడు. అప్పటికి తాగుడు మాని కొద్ది నెలలే అయింది. పని చెడింది. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు, ఎదురుగా బారు. ఆయన చేసిన పని వింతగా ఉంటుంది: చర్చీల పట్టికలో నంబర్లు చూసి వరుసగా ఫోన్లు చేసి, ఈ ఊళ్లో నాలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే కలపండి అని అడిగాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్. ఎదుటివాడిని బాగుచేయడానికి బిల్ వెళ్లలేదు. తను ఆ సాయంత్రం తాగకుండా ఉండడానికి వెళ్లాడు. ఇద్దరూ నిలబడ్డారు.

ఇప్పటికీ పద్ధతి అదే. గంట, గంటన్నర సమావేశం. ఒకరు మొదలెడతారు: "నా పేరు ఫలానా, నేను ఆల్కహాలిక్‌ని." ఇంటిపేరు ఉండదు. తాగినప్పటి సంగతి, మానినప్పటి సంగతి, ఈ వారం ఎలా గడిచిందో చెబుతారు. మధ్యలో ఎవరూ అడ్డురారు, సలహాలివ్వరు. ఇది మనవాళ్లకు అన్నిటికన్నా కొత్తగా ఉంటుంది. మన దగ్గర ఒకడు తాగుతాడంటే బావమరిది నుంచి కిళ్లీకొట్టు యజమాని దాకా అందరికీ చెప్పడానికేదో ఉంటుంది మరి. కొత్తగా వచ్చినవాళ్లు మాట్లాడకుండా కూర్చోవచ్చు. హాజరుపట్టీ ఉండదు. చివర్లో సంచి తిరుగుతుంది. ఇష్టమైతే పదో ఇరవయ్యో వేస్తారు, లేకపోతే లేదు. బయటివాళ్ల విరాళాలు ఏఏ తీసుకోదు. గది అద్దె, టీ ఖర్చు సభ్యులవే. చేరడానికి కావలసింది ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. మానేసి ఉండాలన్న షరతు లేదు.

సమావేశాలు రెండు రకాలు. క్లోజ్డ్ అన్నవాటికి తాగుడు సమస్య ఉన్నవాళ్లే వస్తారు. ఓపెన్ అన్నవాటికి భార్య, అన్న, ఊరికే తెలుసుకోవాలనుకునేవాళ్లు ఎవరైనా రావచ్చు. మొదటిసారి ఇంట్లోవాళ్లతో కలిసి వెళ్లి క్లోజ్డ్ సమావేశం గుమ్మంలో ఆగిపోవడం, అదో అవమానంగా తీసుకుని తిరిగిరావడం జరుగుతుంటుంది. ఒక్క ఫోనుతో తీరే చిక్కు అది.

గురుస్వామి, స్పాన్సరు

ఇక్కడ మళ్లీ దీక్షకొద్దాం. నలభై ఒక్క రోజులు ఆ మనిషిని నిలబెట్టింది భయభక్తులే అనుకుంటాం. దగ్గర్నుంచి చూస్తే ఇంకా చాలా కనబడతాయి. తెల్లారి లేచాక చేయవలసిన పని ఉంది. తాగే వేళకు భజన ఉంది. నిన్నటిదాకా "ఒరేయ్" అన్న వీధి "స్వామీ" అంటోంది. మనసు చెదిరితే చెప్పుకోవడానికి గురుస్వామి ఉన్నాడు. తనలాంటివాళ్లు ఇరవైమంది కలిసి భిక్ష చేస్తున్నారు. ఇదంతా కలిపితే సహాయ బృందం కాక మరేమిటి? మాల తీసిన మర్నాడు ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. సాయంత్రం ఆరు మాత్రం రోజూ వస్తుంది.

ఏఏలో మాల తీసే రోజు లేదు. వాళ్లు లెక్కపెట్టేది మండలాన్ని కూడా కాదు, ఇరవైనాలుగు గంటల్ని. "ఏటి బావా, పూర్తిగా మానేసినావా?" అంటే "ఇయ్యాల్టికి మానేసినాను" అన్నది అక్కడి జవాబు. గురుస్వామి లాంటి మనిషి ఉంటాడు, స్పాన్సరు అంటారు. కొన్నేళ్లుగా తాగకుండా ఉన్న సభ్యుడు. అర్ధరాత్రి కోరిక పుడితే ఫోను ఎత్తేవాడు. గురువులా ఆయనకు కాళ్లకు దండం పెట్టక్కర్లేదు, ఆయన మాట వేదం కాదు, నచ్చకపోతే ఇంకొకరిని అడగొచ్చు. ఆడవాళ్లకు ఆడవాళ్లు, మగవాళ్లకు మగవాళ్లు ఉండడం మామూలు.

"ఇది మతం మార్చే సభా?"

ఈ అనుమానానికి కారణాలు లేకపోలేదు. చాలాచోట్ల చర్చి హాల్లోనో మిషన్ బడిలోనో అద్దె తక్కువ గది దొరుకుతుంది కాబట్టి అక్కడ కూర్చుంటారు. తాగుడు మానడానికి ఏఏ సభ్యులు ఒకటొకటిగా పాటించే పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన పలుమార్లు వస్తుంది. సంస్థ మూలాలు 1930ల నాటి ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ ఉద్యమంలో ఉన్నాయన్నదీ నిజమే. అయితే మూడో మెట్టులోనే "మేము అర్థం చేసుకున్న విధంగా దేవుడు" అన్న మాట ఉంది. రామతీర్థం రాముడైనా, అరసవల్లి సూర్యనారాయణుడైనా, ఏసైనా, అల్లా అయినా ఆ మాటలో ఇముడుతారు. ఏ మతంతోనూ పార్టీతోనూ సంబంధం పెట్టుకోకూడదన్నది వాళ్ల నియమం.

నాస్తికులకు ఇది సరిపోదు. మద్యం ముందు నేను శక్తిహీనుణ్ణి అని ఒప్పుకోవడంతో మొదలయ్యే మెట్లు కొందరికి నచ్చవు. ఆ మాట అంటే చేతులెత్తేసినట్టు కాదా అంటారు. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే మరో సహాయ బృందం ఆ అభ్యంతరం నుంచి వచ్చిందే. అక్కడ దేవుడూ మెట్లూ ఉండవు. కోరిక ఎప్పుడు పుడుతోంది, ఆ క్షణంలో ఆలోచన ఎలా తిరుగుతోంది అన్నది కాగితం మీద పెట్టి చూస్తారు. మన జిల్లాల నుంచి దాన్ని అందుకోవాలంటే ఆన్‌లైనే దారి. నాకు తోచినంతలో శక్తిహీనత అన్న మాట తెలుగులో వినబడినంత నిస్సహాయంగా ఆ గదిలో వినబడదు. "ఒక్క పెగ్గుతో ఆపుతాను" అని వెయ్యిసార్లు అన్న మనిషి, ఆపలేనని ఒప్పుకునే మాట అది.

మాత్రల విషయంలోనూ రెండు వాదాలున్నాయి. తాగుడు మాని మాత్రల మీద బతకడమూ వ్యసనమే అనే సభ్యులు కొన్ని గదుల్లో తగులుతారు. సంస్థగా ఏఏ మాట వేరు: సభ్యులెవరూ డాక్టరు వేషం వేయకూడదు, మందుల సంగతి వైద్యుడిదే.

పనిచేస్తుందా?

చాలాకాలం దీనికి గట్టి జవాబు లేదు. 2006లో, వైద్య పరిశోధనలను కూడగట్టి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ అప్పటి పరిశోధనలు పరిశీలించి, ఏఏ పనిచేస్తుందని నిస్సందేహంగా చూపిన ప్రయోగం ఏదీ లేదంది. 2020లో అదే సంస్థ మళ్లీ చూసింది. 27 అధ్యయనాలు, 10,565 మంది. ఈసారి ఫలితం వేరు. ఏఏకి మనిషిని పద్ధతిగా జోడించిన చికిత్సల్లో ఏడాది తర్వాత పూర్తిగా మానేసి ఉన్నవాళ్లు నూటికి 42 మంది, ఇతర చికిత్సల్లో 35 మంది.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. వందమందిలో ఏడుగురు అదనంగా నిలబడ్డారు. ఏడు ఇళ్లంటే తక్కువేం కాదు, పైగా దాదాపు ఖర్చులేని పద్ధతిలో. అదే సమయంలో ఏఏ వైపున్న 58 మంది ఆ ఏడాదిలో పూర్తిగా నిలబడలేకపోయారు. ఆ అధ్యయనాలు ఎక్కువగా అమెరికావి. వీధికో గ్రూపున్న దేశంలో వచ్చిన ఫలితాన్ని పాలకొండకు యథాతథంగా తెచ్చి అతికించలేం.

గంటస్తంభం దగ్గర అజ్ఞాతం

ఏఏ పేరులోనే అజ్ఞాతం ఉంది. గదిలో విన్నది, చూసిన మొహం బయటకు రాకూడదు. విశాఖ లాంటి నగరంలో అది సులువు. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల ఎవరి బండి ఎక్కడ ఆగిందో సాయంత్రానికి అత్తారింటికి తెలుస్తుంది. టీచరు, కానిస్టేబులు, బ్యాంకు ఉద్యోగి సొంత ఊళ్లో గ్రూపుకి వెళ్లడానికి జంకేది ఇందుకే. బార్ ముందు బండి ఆగితే లేని సిగ్గు సమావేశం ముందు ఆగితే వస్తుంది, అదో విచిత్రం.

అందుకే కొందరు విశాఖ ఎంచుకుంటారు. విజయనగరం నుంచి సుమారు అరవై కిలోమీటర్లు, రైల్లో గంట. శ్రీకాకుళం నుంచి రోడ్డు మీద సుమారు 110 కిలోమీటర్లు. రైలంటే ముందు ఆమదాలవలస చేరాలి. భారతదేశంలో ఏఏ కేంద్ర కార్యాలయం ముంబైలో ఉంది. ఏ ఊళ్లో ఏ వారం ఎక్కడ అన్న జాబితా వాళ్ల వెబ్‌సైటులో దొరుకుతుంది. చిన్న ఊళ్ల గ్రూపులు గది దొరికినచోటికి మారుతుంటాయి కాబట్టి ముందు ఫోను చేసి బయల్దేరడం అనుభవజ్ఞుల అలవాటు.

బొబ్బిలిలో ఒక తాపీమేస్త్రి ఉన్నాడనుకుందాం. తొంభై రోజుల్లో తొంభై సమావేశాలు అని ఏఏలో ఒక నానుడి ఉంది. ఆయనకది కుదరదు. విశాఖ వెళ్లిరావడమంటే ఆ రోజు కూలిలో సగం పోయినట్టే. నెలకు రెండు శనివారాలు వెళ్తాడు. మిగతా రోజుల్లో ఫోనులో ఆన్‌లైన్ సమావేశాలు. కరోనా తర్వాత ఇవి బాగా పెరిగాయి. పని ముగించుకుని ఇంటికెళ్లేముందు, అంటే బెల్టుషాపు దారి వచ్చేలోపు, స్పాన్సరుకి ఫోను. నెల తిరిగేసరికి అదే వీధిలో మరో మనిషి "నన్నూ తీసుకెళ్లు" అంటాడు. అక్కడితో ఒక గ్రూపు పుట్టినట్టే. మానాలనుకునే ఇద్దరు ముగ్గురు కూర్చుంటే చాలు, గ్రూపు అని పిలుచుకోవచ్చని ఏఏ సంప్రదాయమే చెబుతోంది. ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

వలసపోయేవాళ్లకు ఈ ఫోను సమావేశాలు ఇంకా ఎక్కువ పనికొస్తాయి. వేట కోసం గుజరాత్ వెరావల్ వెళ్లే మన మత్స్యకారులు మద్యనిషేధం ఉన్న రాష్ట్రంలో నెలలు గడిపి ఇంటికొస్తారు. ఇక్కడ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం. చేతిలో పని లేని ఆ రెండు నెలలూ చాలామందికి గండం.

ఇంట్లోవాళ్ల గది వేరు

తాగేవాడు రానంటే ఎలా అన్నది భార్యలు మొదట అడిగే ప్రశ్న. వాళ్లకోసం అల్-అనాన్ అనే వేరే సంస్థ ఉంది. బిల్ విల్సన్ భార్య లోయిస్ మరొకామెతో కలిసి 1951లో దాన్ని మొదలెట్టింది. భర్తను మాన్పించే ఉపాయాలు అక్కడ చెప్పరు. ఆయన తాగినా మానినా ఈమె బతుకు ఈమె చేతిలో ఉండడం గురించి మాట్లాడుకుంటారు. మొదట్లో ఇది చాలామందికి మింగుడుపడదు.

ఆ నిరాశలోంచే కూరలో కలిపే మాత్ర దారి పుడుతుంది. తెలియకుండా పెడితే మానేస్తాడని ఎవరో ఇస్తారు. అది చాలాసార్లు డైసల్ఫిరామ్. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోతుంది. గుండెజబ్బున్నవాడికి ప్రాణం మీదికి రావచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని, డాక్టరు చూస్తూ వాడవలసిన మందు అది. కట్టేసి సెంటర్లో పడేయడం కూడా చట్టం ముందు చిన్న విషయం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను తన పరిధిలోకి తీసుకుంది. ఇష్టం లేకుండా చేర్చుకోవడానికి షరతులు పెట్టింది.

జారిపడితే

మన మేస్త్రి నాలుగు నెలలు నిలబడ్డాడు. పైడితల్లమ్మ సిరిమానుకి విజయనగరం వెళ్లాడు. చుట్టాలు, పండగ, "ఒక్కటే బావా". మర్నాడు సాయంత్రం స్పాన్సరు ఫోను చేస్తే ఎత్తలేదు. ఊళ్లో అయితే దీన్ని ఒట్టు తప్పడం అంటారు. ఒట్టు తప్పినవాడికి ఇంకో ఒట్టుకి మొహం చెల్లదు, అందుకే ఒట్టు ఒక్కసారే పనిచేస్తుంది.

ఆక్రన్ డాక్టరు బాబ్ కూడా బిల్ కలిసిన కొద్దివారాలకే ఒక వైద్య సదస్సుకి వెళ్లి తాగి తిరిగొచ్చాడు. ఆయన చివరిసారి తాగిన తేదీగా చెప్పుకునే 1935 జూన్ 10నే ఏఏ తన పుట్టినరోజుగా జరుపుకుంటుంది. ఒకడు జారిపడి లేచిన రోజు అది.

మూడో వారం మేస్త్రి మళ్లీ ఆ గది గుమ్మంలో నిలబడ్డాడు. వెనక వరసలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, "నిన్నట్నించి లెక్క" అన్నాడు. పక్కనున్నాయన టీ గ్లాసు అందించాడు. తర్వాతి మనిషి మాట్లాడడం మొదలెట్టాడు.